డిచ్‌పల్లి డాక్టరమ్మ ఇసబెల్ కెర్

డిచ్‌పల్లి అనగానే నేటి విద్యార్థులకు 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం గుర్తుకొస్తుంది. అంతకు తొంభై ఏళ్ల ముందే ఈ ఊరి పేరును దూరప్రాంతాలకు చేర్చింది ఒక కుష్ఠు ఆసుపత్రి. దానికి ప్రాణం పోసిన వైద్యురాలు డాక్టర్ ఇసబెల్ కెర్.

ఆమె 1875లో స్కాట్లాండ్‌లో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. ఆడపిల్లలకు వైద్యవిద్య అరుదైన ఆ రోజుల్లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో డాక్టరయ్యారు. 1907లో భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో కలిసి నిజాం రాజ్యానికి వచ్చారు.

నిజామాబాద్‌లో పనిచేసేటప్పుడు కుష్ఠు రోగుల దుస్థితి ఆమెను కదిలించింది. ఆ జబ్బు సోకితే ఇల్లు, ఊరు, కూలిపని అన్నీ పోయేవి. అలాంటివారికి మందుతోపాటు తలదాచుకునే చోటు కూడా కావాలి. హిందూ దాత రాజా నర్సాగౌడ్ మత భేదం చూడకుండా విరాళమిచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలసింది.

అప్పటికి ఈ జబ్బుకు సరైన మందు లేదు. కలకత్తాలో పరిశోధన చేస్తున్న డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్‌తో కలిసి ఆమె హిడ్నోకార్పస్ గింజల నూనెతో ఇంజెక్షన్ల వైద్యం సాగించారు. నెలల తరబడి సూదులు, భరించరాని నొప్పి. అయినా తొలిదశలో వచ్చిన కొందరికి మేలు కలిగింది. 1923లో దంపతులిద్దరికీ కైజర్-ఇ-హింద్ పతకం లభించింది. 1932లో ఆమె కన్నుమూశారు. ఆ తర్వాత కూడా భర్త ఆ సేవను కొనసాగించారు.

మిత్రులారా! ఆమె వెతికిన మందు నేడు మన చేతిలో ఉంది. 1982 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్న బహుళ ఔషధ చికిత్సతో ఆరు నెలల నుంచి ఏడాదిలో ఈ జబ్బు నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. కానీ భయం మాత్రం పోలేదు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనను చట్టం నుంచి తీసేసిందే 2019లో! కూలి పోతుందని, పెళ్లి ఆగిపోతుందని మన బస్తీల్లో, తండాల్లో మచ్చను దాచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. దాచిన కొద్దీ నరాలు దెబ్బతిని వేళ్లు వంకరపోతాయి.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఎవరి ఒంటిమీదనైనా స్పర్శ లేని మచ్చ కనిపిస్తే వెంటనే ఆశా కార్యకర్త దగ్గరకు తీసుకెళ్దాం. డాక్టరమ్మకు మనం అర్పించే నివాళి అదే.