చాక్లెట్ ఫ్యాక్టరీ రచయిత.. పసిపిల్లల తలలో వాల్వు! కొడుకు కోసం రోల్డ్ డాల్ ఏం చేశారంటే?

చార్లీ అండ్ ద చాక్లెట్ ఫ్యాక్టరీ.. ఈ పేరు వినని పిల్లలు తక్కువే. ఆ కథ రాసిన రోల్డ్ డాల్ పేరు మీద వైద్యంలో ఒక పరికరం కూడా ఉందంటే మాత్రం చాలామంది నమ్మరు. ఆయన డాక్టరూ కాదు, ఇంజినీరూ కాదు.

డాల్ 1916 సెప్టెంబర్ 13న వేల్స్‌లో, నార్వే నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టారు. మూడేళ్ల వయసులోనే అక్క, ఆ వెంటనే తండ్రి చనిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్‌గా చేరితే 1940లో లిబియా ఎడారిలో విమానం కూలింది. పుర్రెకు దెబ్బ తగిలి కొన్నాళ్లు చూపు పోయింది. తర్వాత రచయిత అయ్యారు. 1953లో హాలీవుడ్ నటి ప్యాట్రీషియా నీల్‌ను పెళ్లి చేసుకున్నారు.

అసలు కష్టం 1960 డిసెంబర్ 5న వచ్చింది. న్యూయార్క్‌లో రోడ్డు దాటుతుండగా నాలుగు నెలల కొడుకు థియో ఉన్న తోపుడు బండిని ట్యాక్సీ ఢీకొట్టింది. పుర్రె చిట్లింది. పిల్లాడు ప్రాణాలతో బయటపడ్డాడు కానీ మెదడులో నీరు చేరడం మొదలైంది. దీన్నే హైడ్రోసెఫలస్ అంటారు. మెదడులో ఊరే ద్రవం బయటికి పోయే దారి లేక లోపలే ఒత్తిడి పెంచేస్తుంది.

దీనికి అప్పట్లో ఉన్న మార్గం షంట్. తల నుంచి సన్నని గొట్టం వేసి ఆ నీటిని గుండెకు వెళ్లే రక్తనాళంలోకి మళ్లిస్తారు. నీరు వెనక్కి రాకుండా మధ్యలో వాల్వు ఉంటుంది. ఆ వాల్వు తయారుచేసింది కూడా ఒక తండ్రే! అమెరికాకు చెందిన మెకానిక్ జాన్ హోల్టర్ తన కొడుకు కోసం దాన్ని కనిపెట్టారు. కానీ థియో విషయంలో అది మాటిమాటికీ మూసుకుపోయేది. దెబ్బతిన్న మెదడు నుంచి వచ్చే రక్తం, కణజాలపు తునకలు దాని సన్నని చీలికల్లో ఇరుక్కునేవి. అలా జరిగినప్పుడల్లా పిల్లాడికి చూపు పోయేది. మళ్లీ ఆపరేషన్.. మళ్లీ అదే భయం.

డాల్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కుటుంబాన్ని ఇంగ్లండ్‌కు మార్చారు. బొమ్మ విమానాలు ఎగరేసే సరదాలో ఆయనకు స్టాన్లీ వేడ్ అనే ఇంజినీర్ పరిచయం. ఆ విమానాల ఇంజిన్లకు చిన్నచిన్న పంపులు చేయడంలో వేడ్ దిట్ట. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి న్యూరోసర్జన్ కెన్నెత్ టిల్‌తో ఆయన్ను కలిపారు. ముగ్గురూ కూర్చుని కొత్త వాల్వు తయారుచేశారు. చీలికల బదులు, చిన్న ఉక్కు గూట్లో అటూ ఇటూ కదిలే బిళ్లలు. నీరు పైనుంచి నెడితే దారి తెరుచుకుంటుంది, కిందినుంచి తోస్తే మూసుకుపోతుంది. మురికి ఇరుక్కోవడం బాగా తగ్గింది, ధర కూడా తక్కువే. 1962లో తొలిసారి ఒక చిన్నారికి అమర్చారు. ముగ్గురూ లాభం వద్దనుకున్నారు. వేల మంది పిల్లలకు ఈ వేడ్-డాల్-టిల్ వాల్వు అందింది.

ఇందులో ట్విస్ట్ ఏంటంటే.. వాల్వు తయారయ్యేసరికి థియో కోలుకున్నాడు. అతనికి దాని అవసరమే రాలేదు!

అయితే అదే ఏడాది నవంబర్‌లో పెద్ద కూతురు ఒలీవియా తట్టు సోకి, అది మెదడుకు పాకి చనిపోయింది. వయసు ఏడేళ్లు. డాల్ అక్క పోయిందీ ఏడేళ్లకే. కొన్నాళ్లు ఆయన ఒక్క అక్షరం కూడా సరిగా రాయలేకపోయారని చెబుతారు. చాక్లెట్ ఫ్యాక్టరీ 1964లో వచ్చింది. మరుసటి ఏడాదే భార్యకు బ్రెయిన్ స్ట్రోక్. పట్టుబట్టి ఆమెకు మళ్లీ మాటలు నేర్పించిందీ ఆయనే.

మనిషి అందరికీ నచ్చేవాడేం కాదు. యూదులపై ఆయన చేసిన వ్యాఖ్యలకు కుటుంబం 2020లో క్షమాపణ చెప్పింది.

ఇప్పుడు కొందరికి ఎండోస్కోపీతో మెదడు లోపలే చిన్న రంధ్రం చేసి నీటికి దారి ఇస్తున్నారు. అలాంటివారికి షంట్ అక్కర్లేదు. కానీ ఏడాది లోపు పసికందుల్లో ఇది అన్నిసార్లూ ఫలించదు. అందుకే షంట్లు ఇంకా వాడుతున్నారు, అవి మూసుకుపోవడం ఇప్పటికీ ఉంది.

డాల్ 1990 నవంబర్ 23న, 74 ఏళ్ల వయసులో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. సొంతూరుగా చేసుకున్న గ్రేట్ మిస్సెండెన్‌లోనే సమాధి ఉంది.