స్వర్ణౌషధము వెనుక సుబ్బారావు

ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలలోని కార్మికుడొకడు సుఖవ్యాధి సోకి, గజ్జలలో బిళ్లలు కట్టి ఆసుపత్రికి వచ్చినప్పుడు, వ్యాధి లింఫోగ్రాన్యులోమా అని తేలితే వైద్యుడు ఇచ్చే ప్రధానమైన మందు డాక్సీసైక్లిన్. ఆ ఔషధకుటుంబంలో మొదటిది వెలువడిన పరిశోధనశాలకు సారథ్యం వహించినవారు ఆంధ్రుడైన ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు కృతార్థులైనారు. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహానికి గురికాగా, ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కినది. సోదరులిద్దరు స్ప్రూ వ్యాధికి బలియైన దుఃఖం ఆయనను ఔషధాన్వేషణకు పురికొల్పినది.

మామగారి సాయంతో అమెరికా చేరిన సుబ్బారావు, బోస్టనులో పగలు చదువుకొంటూ, రాత్రులు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచి పొట్ట పోసుకొన్నారు. రోగి నిస్సహాయతను ఆయన ఆ విధంగా మంచం ప్రక్కనుండి చూచారు. 1925లో ఫిస్కేతో కలిసి, శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1940లో లెడర్లీ సంస్థకు మారి, అక్కడి పరిశోధనలకు నాయకులైనారు.

ఆ రోజులలో పెనిసిలిన్ సవాయిని, సెగవ్యాధిని లొంగదీసినది గాని, ఈ గజ్జల వ్యాధిపై దానికి బలం చాలలేదు. లెడర్లీలో సుబ్బారావు నాయకత్వం క్రింద పనిచేసిన వృద్ధ శాస్త్రవేత్త బెంజమిన్ డుగ్గర్, 1945లో మిస్సోరీ పొలపు మట్టిలోని సూక్ష్మజీవి నుండి బంగారు వన్నె మందు నొకదానిని రాబట్టారు. అదే ఆరియోమైసిన్.

దానిని మొట్టమొదట మానవులకిచ్చి పరీక్షించినది న్యూయార్కులోని హార్లెం ఆసుపత్రిలో. నల్లజాతివారైన శస్త్రవైద్యులు లూయీ రైట్, ఈ సుఖవ్యాధితో బాధపడే 25 మందికి జరిపిన చికిత్స ఫలించినదని 1948లో వెల్లడించారు. లోకం ఈసడించే వ్యాధిగ్రస్తులకే ఆ నూతనౌషధం ముందుగా అందినది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గుండెజబ్బుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు.

నేడు ఆ కుటుంబంలోని మందు సులభంగా దొరకుతున్నది. కొరత ఉంటే మందులో కాదు, దానినిచ్చే తీరులో ఉంటుంది. లింఫోగ్రాన్యులోమాకు డాక్సీసైక్లిన్ 21 దినాలు తప్పక వాడవలసి ఉంటుంది. రోగితో సంబంధమున్నవారికీ చికిత్స జరగాలి. నలుగురిలో నిలబెట్టి ప్రశ్నించినచో రోగి రెండవసారి రాడు, వ్యాధి మాత్రం ఇంటికి పోతుంది. చాటుగా, మర్యాదగా మాటాడి, పూర్తి చికిత్స అందించిన ఆసుపత్రిలోనే సుబ్బారావు శ్రమ సార్థకమవుతుంది.