చందమామ వెనుక చక్రపాణి

చందమామ పేరు వినని తెలుగువాడు ఉండడు. ఆ పత్రికను పుట్టించి, పెంచి, దానికో తీరు దిద్దిన మనిషి ఎవరని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. సినిమాలు బాగా తెలిసినవాళ్లు విజయా సంస్థ, నాగిరెడ్డి-చక్రపాణి అంటారు. ఆ జంట పేరులో రెండోవాడుగా మిగిలిపోయిన చక్రపాణి గురించే ఈ నాలుగు మాటలు. పాత చందమామలు సేకరించే పిచ్చి నాకుంది గనుక, ఆ దారినే నాకీయన పరిచయమయ్యాడు.

మాది వికారాబాదు. 1947 జూలైలో మొదటి చందమామ వచ్చింది. అప్పటినుంచి 1960 డిసెంబరు దాకా లెక్క వేస్తే నెలకొకటి చొప్పున నూట అరవై రెండు సంచికలు. అవన్నీ ఒక్క వరసలో పెట్టాలని నా కోరిక. ఇంతవరకు డెబ్బై ఒకటి దొరికినై. వాటికోసం తిరగని చోటు లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, వికారాబాదులో చిత్తుకాగితాల కొట్లలో, తాండూరులో పాత ఇండ్ల అటకల మీద వెతికిన. సంచిక చేతికొచ్చినప్పుడల్లా ముందుగా చూసేది అట్ట కాదు, లోపలి పేజీ. అక్కడ చిన్న అక్షరాల్లో సంచాలకుడుగా చక్రపాణి పేరు ఉంటుంది. అట్లా చూస్తూ చూస్తూ, ఇంతకీ ఈయన ఎవరన్న ప్రశ్న పుట్టింది.

చక్రపాణి ఆయన అసలు పేరు కాదు. ఆలూరి వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5న గుంటూరు జిల్లా తెనాలి దగ్గర ఐతానగరంలో వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు. గాంధీగారి పిలుపు ఊళ్లను ఊపుతున్న రోజులవి. బడి చదువు మధ్యలోనే వదిలి హిందీ మీద పడ్డాడు. హిందీ నేర్పిన వ్రజనందన శర్మగారే ఆయనకు చక్రపాణి అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచింది, అసలు పేరు ఇంటికే పరిమితమైంది. మనలాగా యూనివర్సిటీ మెట్లెక్కినవాడు కాదు. డిగ్రీ లేదు. నేర్చిందంతా తనంతట తాను నేర్చిందే.

ఇరవై నాలుగేళ్ల వయసులో క్షయ పట్టుకుంది. అది 1932. ఇవాళ క్షయ అంటే ఆరు నెలలు మందు మింగితే పోయే జబ్బు. అప్పట్లో అట్లా కాదు. ఆ జబ్బుకు పనికొచ్చిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను కనుక్కున్నది 1943లో. అంతకు ముందు మంచి గాలి, బలమైన తిండి, మంచం మీద విశ్రాంతి, ఆపైన దైవాధీనం. చక్రపాణిని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో చేర్చారు. మన వికారాబాదువాళ్లకు ఇదంతా వేరే చెప్పనక్కర లేదు. అనంతగిరి కొండమీద నిజాం కాలంనాటి క్షయ ఆసుపత్రి మనకు తెలిసిందే. ఆ చెట్ల గాలి కోసమే కదా రోగులను అంత దూరం తెచ్చింది! మా ఇండ్లల్లో పెద్దవాళ్లు ఆ కొండవైపు చూసి గొంతు తగ్గించి మాట్లాడటం నాకు బాగా గుర్తు. అక్కడికి పోయినవాడు తిరిగి వస్తాడన్న నమ్మకం ఉండేది కాదు.

అటువంటి చోట మంచం పట్టిన యువకుడు ఏంచేస్తాడు? చక్రపాణి బెంగాలీ నేర్చుకున్నాడు. తోటి రోగి ఒకాయన బెంగాలీ తెలిసినవాడు, ఆయనే గురువు. రేపు ఉంటామో లేదో తెలియనివాళ్లు ఇద్దరు ఒక మంచం పక్కన కూర్చుని అక్షరాలు దిద్దటం తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. పరీక్షకు పనికిరాదని ఒక పాఠాన్ని వదిలేసే మనలాంటివాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. ఆ బెంగాలీ ఏ పరీక్షకూ పనికొచ్చేది కాదు. కానీ ఆయన తర్వాతి జీవితమంతా దానిమీదనే నిలబడింది.

జబ్బునుంచి బయటపడి తెనాలికి తిరిగివచ్చి శరత్‌చంద్రుడి నవలలు తెలుగు చేయడం మొదలుపెట్టాడు. దేవదాసు, బడదీదీ మొదలైనవి ఆయన చేతిమీదుగానే తెలుగింటికి వచ్చినై. ఆ తెలుగు ఎంత సహజంగా ఉండేదంటే, శరత్‌బాబు తెలుగు రచయితే అనుకున్న పాఠకులు ఉండేవారని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అనువాదకుడికి ఇంతకన్నా బిరుదు ఏముంటుంది? గ్రాంథికం బరువు లేదు, బెంగాలీ వాసన లేదు. వంటింట్లో ఆడవాళ్లు మాట్లాడుకునే మాటలే పుస్తకంలో ఉండేవి. ఆ రోజుల్లోనే కొడవటిగంటి కుటుంబరావుతో కలిసి తెనాలిలో యువ అనే మాసపత్రిక కూడా మొదలుపెట్టాడు. తర్వాత్తర్వాత ఆ యువ హైదరాబాదు నుంచి వెలువడింది. వడ్డాది పాపయ్య బొమ్మలున్న దాని దీపావళి సంచికలకు సేకరించేవాళ్లలో ఇప్పటికీ గిరాకీ ఉంది.

నవలల తర్వాత సినిమా. 1941లో వచ్చిన ధర్మపత్నికి మాటలు రాశాడు. ఆ తర్వాత బి.ఎన్. రెడ్డి పిలుపు మీద మద్రాసు చేరి, 1945లో వచ్చిన స్వర్గసీమకు పనిచేశాడు. అక్కడే బి.ఎన్. రెడ్డి తమ్ముడు నాగిరెడ్డితో స్నేహం కుదిరింది. నాగిరెడ్డికి బి.ఎన్.కె. ప్రెస్సు ఉంది, వ్యాపారం తెలుసు, నలుగురిని కలుపుకుపోయే గుణం ఉంది. చక్రపాణికి కథ తెలుసు, భాష తెలుసు, ఏది చదివిస్తుందో ఏది విసిగిస్తుందో తెలుసు. ఒకరి పనిలో ఒకరు వేలుపెట్టలేదు. అందుకే ఆ స్నేహం చక్రపాణి చనిపోయేదాకా చెడలేదు. మొదట ఇద్దరూ కలిసి ఆంధ్రజ్యోతి అనే మాసపత్రిక నడిపారు. ఆ తర్వాతే చందమామ.

దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఒక నెల ముందు, 1947 జూలైలో చందమామ బయటికి వచ్చింది. ఆరణాల వెల, ఆరు వేల ప్రతులు. దానికి జతగా తమిళంలో అంబులిమామ వచ్చింది. 1949లో కన్నడం, హిందీ వచ్చినై. తర్వాత మరాఠీలో చాందోబా, ఒరియాలో జహ్నమామూ, 1955లో ఇంగ్లీషు. చివరికి పన్నెండు భాషలు దాటింది. బెంగాలీ నుంచి కథలు తెచ్చుకున్న మనిషి, తెలుగు నుంచి ఇన్ని భాషలకు కథలు పంపించాడన్నమాట.

మన ప్రాంతం సంగతి వేరు. 1947 జూలై నాటికి వికారాబాదు, తాండూరు నిజాం ఏలుబడిలోనే ఉన్నై. భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబరులో. బడిలో చదువు ఉర్దూలో సాగేది. తెలుగు ఇంట్లో మాట్లాడే భాషే గాని బడిలో పై చదువు చదివే భాష కాదు. తాండూరులో నాపరాళ్ల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి, 1950 నాటి నాలుగు సంచికలు నా చేతిలో పెడుతూ, తెలుగు చదవడం తాను వాటితోనే నేర్చుకున్నానని చెప్పాడు. లెక్కలు ఉర్దూలో, కథలు చందమామలో! ఆయన ఆ నాలుగూ గోనెసంచిలో కట్టి, వేపాకు వేసి దాచుకున్నాడు. డబ్బు ఇస్తానంటే కోపం చేసిండు. చదివి మళ్లీ ఎవరికైనా చూపించమన్నాడు, అంతే.

అటువంటి పాఠకుడికి అర్థమయ్యేట్టు రాయడమే చక్రపాణి పట్టుదల. పల్లెటూరి పిల్లవాడు నోరు తిరగక ఆగిపోయే మాట ఒక్కటి కూడా ఉండకూడదు. నీతి కథలోనే ఉండాలి గాని కథ చివర వేరుగా తోక తగిలించి చెప్పకూడదు. దానికి తగిన మనుషులనే ఏరుకున్నాడు. 1952లో కుటుంబరావు చేరి 1980లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. ఎవరెవరో పంపిన కథలన్నీ ఆయన చేతిలో పడి చందమామ భాషగా మారేవి. అదే ఏడు చేరిన దాసరి సుబ్రహ్మణ్యం 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి ఏళ్ల తరబడి జానపద సీరియళ్లు రాశాడు. బొమ్మలకు చిత్ర, శంకర్, తర్వాత వడ్డాది పాపయ్య. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే విక్రమార్కుడిని మన కళ్లల్లో నిలిపింది శంకరే. ఆయన 2020లో, తొంభై ఆరేళ్ల వయసులో పోయాడు.

పేజీ పేజీకి బొమ్మ ఉండాలన్నది కూడా ఆ పత్రిక పద్ధతే. 1950లలో దాసు, వాసు అనే ఇద్దరు కుర్రాళ్లు, వాళ్ల కుక్క టైగరు, ఒక పేజీ బొమ్మల కథ వచ్చేది. మన తెలుగు కామిక్కు అంటే నాకు అదే. ఫాంటం బొమ్మల ఇంద్రజాల్ కామిక్స్ రావడం 1964లో, అమర చిత్ర కథ 1967లో. వాటికంటే ముందే మనవాళ్లు బొమ్మలో కథ చెప్పే విద్యకు అలవాటు పడ్డారు.

ఇంకోపక్క విజయా సినిమాలు. షావుకారు 1950, పాతాళభైరవి 1951, పెళ్లిచేసి చూడు 1952, మిస్సమ్మ 1955, మాయాబజార్ 1957, గుండమ్మ కథ 1962. మిస్సమ్మకు మూలం బెంగాలీ నాటకం. శానిటోరియంలో నేర్చిన భాష ఇరవై ఏళ్ల తర్వాత కూడా పనికొచ్చిందని వేరే చెప్పాలా! సినిమా అయినా పత్రిక అయినా ఆయన కొలబద్ద ఒక్కటే. చూసేవాడికి, చదివేవాడికి విసుగు పుట్టించకూడదు. మాట కటువుగా ఉండేదని, నచ్చనిది మొహం మీదే చెప్పేవాడని చెప్తారు. పొగడ్తలకు, సభలకు దూరం. 1975 సెప్టెంబరు 24న చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లకే ముగిసిపోతుందనుకున్న బతుకు అరవై ఏడేళ్లు సాగింది.

ఆయన పోయిన తర్వాత కూడా చందమామ చాలా కాలం నడిచింది. 1998-99లో కొంతకాలం ఆగి మళ్లీ లేచింది. 2007లో చేతులు మారింది. 2013 నాటికి అచ్చు నిలిచిపోయింది. ఇక కొత్తది రాదు గనుక ఉన్నదే మనకు మిగిలిన ఆస్తి. అమెరికాలో 1938 నాటి సూపర్‌మాన్ మొదటి కామిక్ పుస్తకం, అప్పుడు పది సెంట్లది, 2024లో అరవై లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అక్కడ అవి అంత అరుదెందుకయినై అంటే, పిల్లల పుస్తకాలేగదా అని జనం పారేశారు, రెండో ప్రపంచ యుద్ధంలో చిత్తుకాగితాలకు ఇచ్చేశారు. ఇక్కడా అదే కథ. కిలోల లెక్కన తూకానికి వేశారు. మిగిలినవాటిని చెదలు తిన్నై. దాచుకున్నవాళ్లయినా సీరియల్ పేజీలు చించి బైండు చేయించుకున్నారు, బైండరు అట్టలు తీసి పారేశాడు. అందుకే అట్టతో సహా నిండు సంచిక దొరకడం కష్టం.

నేను ధర కోసం ఈ మాట చెప్పడం లేదు. పాత న్యూస్‌ప్రింటు కాగితం తనంతట తానే పసుపెక్కి, పెళుసై, వేలు తగిలితే పొడి అవుతుంది. పిన్నుల తుప్పు చుట్టుపక్కల కాగితాన్ని తింటుంది. ఇంకో ఇరవై, ముప్పై ఏళ్లకు ఇవి చేతపట్టుకోడానికి మిగలవు. కొందరు అభిమానులు ఓపికగా స్కాన్ చేసి చాలా సంచికలను కాపాడారు, వాళ్లకు దండం పెట్టాలి. కానీ అచ్చు కాగితాన్ని కాపాడటం ఒక్కరిద్దరి వల్ల అయ్యే పని కాదు.

కాబట్టి మిత్రులకు, అధ్యాపకులకు, పాత విద్యార్థులకు నా మనవి ఒక్కటే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అటక మీద, ధాన్యపు గాదె పక్కన, అమ్మమ్మ పెట్టెలో ఒకసారి వెతకండి. దొరికితే పిన్నులు మెల్లగా తీసి, పత్తి దారంతో కుట్టి, ఎండ తగలని పొడి చోట బల్లపరుపుగా పెట్టండి. టేపు మాత్రం అంటించవద్దు, అది కాగితాన్ని మరకచేస్తుంది. మీకు అక్కర లేకపోతే కాలేజీ లైబ్రరీకి ఇవ్వండి. లైబ్రరీలో ఒక బీరువా దీనికని కేటాయించమని యూనియన్ తరఫున అడుగుదాం. దానిమీద చక్రపాణి పేరు రాయిద్దాం. బతికున్నన్నాళ్లు ఆయన ఆ పేరును లోపలి పేజీలో చిన్న అక్షరాల్లోనే ఉంచుకున్నాడు. మనం కొంచెం పెద్ద అక్షరాల్లో రాస్తే తప్పేమీ లేదు.