పిల్లల పాటలు నచ్చని ఓ పెద్దాయన కథ

మా అమ్మాయి గదిలోంచి రోజంతా కొరియన్ పాటలే. ఇదేం గోల అని నేను విసుక్కుంటున్న రోజుల్లోనే థియోడర్ అడోర్నో జీవితం చదివాను. కుర్రకారు సంగీతాన్ని, అభిమానుల వెర్రిని సిద్ధాంతంతో తూచిన తొలితరం మేధావుల్లో ఆయనొకరు. మేముండే ఈ లాస్ ఏంజెలెస్‌లోనే ఆయనా దాదాపు ఎనిమిదేళ్లు వలస వచ్చి బతికారు.

1903లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టారు. తండ్రి యూదు కుటుంబానికి చెందిన వైన్ వ్యాపారి, తల్లి గాయని. ఇల్లంతా సంగీతమే. 1925లో వియన్నా వెళ్లి ఆల్బన్ బెర్గ్ దగ్గర స్వరరచన నేర్చుకున్నారు. 1933లో నాజీలు రాగానే ఆయన పాఠాలు చెప్పే అనుమతి పోయింది. కొన్నేళ్లు ఆక్స్‌ఫర్డ్‌లో తలదాచుకుని, 1938లో న్యూయార్క్ చేరారు.

అక్కడ రేడియో శ్రోతల మీద పరిశోధనలో ఉద్యోగం దొరికింది. ఏ పాట ఎంతమందికి నచ్చిందో లెక్కలు తీయాలన్నది పై అధికారుల పట్టు. ఆ నచ్చడాన్ని తయారు చేసిందెవరన్నది ఈయన ప్రశ్న. రెండింటికీ పొసగలేదు. 1941లో రాసిన వ్యాసంలో ఆయన వాదన ఇది: హిట్ పాటలన్నీ ఒకే మూసలో పోసినవి, రేడియోలో పదేపదే వినిపిస్తే అలవాటవుతుంది, ఆ అలవాటునే మనం ఇష్టమనుకుంటాం. జాజ్‌కి ఊగిపోయే కుర్రాళ్లు ఆయన కంటికి కీలుబొమ్మల్లా కనిపించారు. ఆ తర్వాత కాలిఫోర్నియాలో మిత్రుడు హోర్‌క్‌హైమర్‌తో కలిసి రాసిన పుస్తకంలో దీనికి సంస్కృతి పరిశ్రమ అని పేరు పెట్టారు.

అయితే జాజ్ వెనకున్న నల్లజాతీయుల బాధ, ప్రతిభ ఆయనకు పెద్దగా పట్టలేదు. ఆ కుర్రాళ్లు తమ గురించి తాము ఏమనుకుంటున్నారో ఆయన రాతల్లో దాదాపు వినిపించదు.

1949లో స్వదేశం వెళ్లారు. ఆయన పుస్తకాలు చదివి పెరిగిన విద్యార్థులే చివరికి ఆయన మీద తిరగబడ్డారు. 1969 జనవరిలో వాళ్లు తన సంస్థలోకి చొరబడితే పోలీసులను పిలిపించారు. ఏప్రిల్‌లో ఆయన పాఠాన్నే అడ్డుకున్నారు. ఆగస్టు 6న స్విట్జర్లాండ్‌లో గుండెపోటుతో పోయారు. అప్పటికి 65 ఏళ్లు.

ఆయన అడగకుండా వదిలేసిన ప్రశ్నను ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం అందుకుంది. జమైకా నుంచి వలస వచ్చిన స్టువర్ట్ హాల్ నాయకత్వంలో 1970లలో అక్కడి పరిశోధకులు కుర్రాళ్ల బట్టలు, పాటలు వాళ్లకు ఏ అర్థాన్నిస్తున్నాయని ఆలోచించారు. వాళ్లలో ఏంజెలా మెక్‌రాబీ ఇంకో అడుగు వేశారు. వీధిలో మగపిల్లలనే చూస్తున్నాం, గదిలో పోస్టర్లు అంటించుకుని స్నేహితురాళ్లతో పాటలు వినే ఆడపిల్లల సంగతేమిటని నిలదీశారు.

అది చదివాక నాకు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ గుర్తొచ్చింది. మొదటి ఆటకు కాగితాలు చింపి విసిరినవాణ్ణే కదా నేను! అప్పుడు నాన్న తిట్టిన తిట్లే ఇప్పుడు నా నోట వస్తున్నాయి.

ఓ ఆదివారం మా అమ్మాయి గదిలో కూర్చుని అడిగాను. బళ్లో తనలా వేరే దేశాల నుంచి వచ్చిన పిల్లలతో స్నేహం ఈ పాటలతోనే కుదిరిందట. లోపల దాచే ఫొటో కార్డుల కోసం ఒకే ఆల్బమ్ రెండు మూడు కొనిపించే కంపెనీల ఎత్తూ దానికి తెలుసు. అడోర్నో అడిగిన ప్రశ్న నాకంటే దానికే బాగా అర్థమైంది. ఈసారి ఒక్క ఆల్బమే కొంటానంది. అందులోని పాటలన్నీ నేనూ వింటానని మాటిచ్చాను.