పికప్ బండికి పికప్ లేకపోతే... జి.డి. నాయుడు గారి కథ

మా మావయ్యది వజ్రపుకొత్తూరు దగ్గర ఊరు. 2018లో తిత్లీ తుపానుకి ఉద్దానంలో అందరికీ పడినట్టే ఆయన కొబ్బరి, జీడి చెట్లూ పడిపోయాయి. మళ్లీ మొక్కలు వేసి, అవి కాపుకొచ్చేదాకా ఇల్లు గడవాలి కాబట్టి ఫైనాన్స్‌లో ఒక పికప్ బండి తీసుకున్నాడు. జీడిపిక్కలు పలాసకి, కొబ్బరికాయలు టెక్కలి వైపు తోలతాడు. ఈ సంక్రాంతికి వెళ్తే, పికప్ బండికే పికప్ లేదు, యాక్సిలరేటర్ తొక్కినా లోడు మీద లాగట్లేదు, నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావు కదా, దీని కంప్యూటర్ సంగతి చూడమన్నాడు.

ఇప్పటి డీజిల్ బండిలో పెడల్‌కీ ఇంజన్‌కీ మధ్య కేబుల్ ఉండదు. ఎంత తొక్కామో సెన్సార్ ఈసీయూకి చెప్తుంది. ఈసీయూ తన మెమరీలో ఉన్న పట్టికలు చూసి, ఎంత డీజిల్ కొట్టాలో లెక్క కడుతుంది. ఆ పట్టికల్లో అంకెలు మార్చడమే ట్యూనింగ్. ఎవరో మార్చిన ఫైల్ ఒకటి నెట్‌లో దొరికింది. ల్యాప్‌టాప్ ఉంది, కేబుల్ ఉంది. పొద్దున్నే ఎక్కించేద్దాం అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టక చదివింది జి.డి. నాయుడు గారి గురించి.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తమిళదేశంలో ఎప్పుడో స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం వాళ్లది. బడి ఆయనకి అస్సలు పడలేదు, చిన్న క్లాసుల్లోనే మానేశారు. పొలం పనుల్లో ఉన్న రోజుల్లో ఒక ఇంగ్లీషు అధికారి మోటార్‌సైకిల్ మీద రావడం చూశారు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి నడుస్తోంది. అది బుర్రలోంచి పోలేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరి, కొన్నేళ్లు పైసా పైసా కూడబెట్టి ఆ బండి కొనుక్కున్నారు.

కొన్నాక ఊరంతా తిరిగి చూపించుకోలేదు. ముందు నట్టు నట్టు విప్పేశారు. ఏది దేనికో తెలుసుకుంటూ మళ్లీ బిగించారు. ఆయన ఇంజనీరింగ్ చదువు అదే.

తర్వాత పత్తి వ్యాపారంలో దిగి బాగా నష్టపోయారు. 1920లో స్టేన్స్ అనే దొర సాయంతో ఒక బస్సు సంపాదించి, పొల్లాచి, పళని మధ్య తనే నడిపారు. ఆ ఒక్క బస్సే యూఎంఎస్ అనే పెద్ద కంపెనీ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటార్ తెచ్చారు. షేవింగ్ రేజర్, పళ్లరసం తీసే మిషన్, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే యంత్రం... లిస్టు చాలా పెద్దది.

అన్నీ గెలిచారని కాదు. 1952లో 2000 రూపాయలకే ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు తయారు చేస్తే, ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వలేదు. అంతకుముందు, 1940లలో కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కాలేజీ పెట్టించి తనే ప్రిన్సిపాల్ అయ్యారు. నాలుగేళ్ల కోర్సు దండగ, పని చేస్తూ నేర్చుకుంటే రెండేళ్లు చాలన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసేశారు. (మన ప్రిన్సిపాల్ గారు ఇది చదవరనే ధైర్యంతో రాస్తున్నాను.) 1974 జనవరి 4న కన్నుమూశారు. ఆయన పేరు మీద మ్యూజియం ఇప్పటికీ కోయంబత్తూరులో ఉంది.

ఇదంతా చదివాక నాకు సిగ్గేసింది. ఆయన తన కష్టార్జితంతో కొన్న బండిని విప్పి చూశారు. నేను మావయ్య అప్పు మీద నడుస్తున్న బండిలో, లోపల ఏముందో తెలియని ఫైల్ ఎక్కించబోయాను.

పొద్దున్న ఫైల్ ఎక్కించలేదు. స్కానర్ పెట్టి అంకెలు మాత్రం చదివాను. పెడల్ సెన్సార్ సరిగ్గానే ఉంది. కానీ ఎంత తొక్కినా టర్బో నుంచి రావాల్సిన గాలి ప్రెషర్ పెరగట్లేదు. బానెట్ ఎత్తి మావయ్యా నేనూ వెతికితే, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర చిరిగి ఉంది. గాలి తక్కువైంది కాబట్టి పొగ రాకుండా ఈసీయూ డీజిల్ తగ్గిస్తోంది. అంటే తప్పు దానిది కాదు, అది తన పని తాను చేస్తోంది. నేను ఆ పట్టికలు మార్చి ఉంటే, ఉన్న కొంచెం గాలిలోకే ఎక్కువ డీజిల్ పడి నల్లపొగ, వేడి పెరిగి ఇంజనుకే ముప్పు వచ్చేది. అప్పుడు నెలనెలా వాయిదా ఎవరు కడతారు?

కాశీబుగ్గలో కొత్త గొట్టం వేయించాం. లోడుతో హైవే ఎక్కాక మావయ్య నా వైపు చూసి నవ్వాడు. కంప్యూటర్ బాగా చేశావురా అని అందరికీ చెప్తున్నాడు. నేను ముట్టుకోలేదంటే నమ్మట్లేదు.

ఆ ఫైల్ ఇంకా నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఏ బండికీ ఎక్కించను. కానీ ఈ సెమిస్టర్ అయ్యేలోగా అందులో ఒక్కో అంకె ఎందుకుందో తెలుసుకోవాలి. నాయుడు గారు మోటార్‌సైకిల్ విప్పినట్టు, నేను దాన్ని విప్పాలి.