తల్లులనడిగి నిజం తెలుసుకున్న డాక్టరమ్మ

గర్భిణీ స్త్రీలకు పొట్టమీద ఎక్స్‌రే తీయడం ఒకప్పుడు ఇంగ్లండులో మామూలు సంగతి. కడుపులో ఉన్నది కవలలా, బిడ్డ అడ్డం తిరిగిందా, కాన్పు సవ్యంగా అవుతుందా అని చూడడానికి డాక్టర్లు ఆ ఫొటో తీయించేవారు. దానివల్ల బిడ్డకు ముప్పు ఉందని లెక్కలతో చూపించి వైద్యలోకంలో పేరు తెచ్చుకున్న మహిళ డాక్టర్ ఆలిస్ స్టూవర్ట్.

ఆమె 1906లో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో జన్మించారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పిల్లల డాక్టర్లే. ఆలిస్ కేంబ్రిడ్జిలో చదివి, లండన్‌లో వైద్యవిద్య పూర్తి చేశారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మందుగుండు కర్మాగారాలలో పనివారికి జబ్బులెందుకు వస్తున్నాయో పరిశోధించారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు.

అప్పట్లో ఆ దేశంలో చిన్నపిల్లలు రక్త కాన్సర్‌తో చనిపోవడం ఎక్కువైంది. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ పసివాళ్ళే ఎక్కువగా పోతున్నారు. ఇంత చిన్న వయసులో వచ్చే జబ్బుకు మూలం పుట్టుకకు ముందే ఉండవచ్చునని ఆలిస్ అనుమానించారు. కడుపుతో ఉన్నప్పుడు ఏం జరిగిందో తల్లికి గుర్తుంటుంది కనుక తల్లులనే అడగాలని నిశ్చయించారు.

ఆ పనికి ఆమెకు దొరికిన సొమ్ము వెయ్యి పౌన్లు. దాన్ని ఇచ్చింది మన దేశపు టాటాల నిధి. 1931లో రక్త కాన్సర్‌తో మరణించిన మెహర్‌బాయి టాటా పేరున ఆమె భర్త దొరాబ్జీ టాటా ఆ నిధిని నెలకొల్పారు.

ఊరూరా ఉన్న ఆరోగ్యాధికారులు ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఇళ్ళకు వెళ్ళారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఒకరిని అడిగితే, ఆ ప్రాంతంలోనే అదే వయసు బిడ్డ ఆరోగ్యంగా ఉన్న తల్లిని మరొకరిని అడిగారు. మొదటి ఫలితాలు 1956లో వెలువడ్డాయి. బిడ్డలు పోయిన 547 మంది తల్లులలో 85 మందికి గర్భంతో ఉండగా పొట్టకు ఎక్స్‌రే తీశారు. ఆరోగ్యవంతుల తల్లులు అంతే మందిలో 45 మందికే తీశారు. 1958లో ఇంకా ఎక్కువ మంది వివరాలతో పూర్తి నివేదిక వచ్చింది.

చాలామంది డాక్టర్లకు ఇది రుచించలేదు. పుత్రశోకంలో ఉన్న తల్లుల జ్ఞాపకాన్ని ఎలా నమ్మడమన్నారు. రిచర్డ్ డాల్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1960లో తమ లెక్కల్లో అటువంటిదేమీ కనపడలేదని రాశారు. అయితే 1962లో అమెరికాలో మెక్‌మహన్ అనే పరిశోధకుడు తల్లుల మాటతో పని లేకుండా ఆసుపత్రి రికార్డులే చూశాడు. ముప్పు నిజమేనని తేలింది. గర్భిణులకు ఆ ఎక్స్‌రేలు క్రమంగా తగ్గిపోయాయి. చివరికి 1997లో డాల్ కూడా ఒప్పుకుంటూ రాశారు.

ఆలిస్ ముసలితనంలోనూ పని మానలేదు. అణు కర్మాగారాల పనివారి ఆరోగ్యం గురించి పోరాడారు. 1986లో స్వీడన్‌లో ఇచ్చే రైట్ లైవ్‌లీహుడ్ బహుమతి అందుకున్నారు. 2002లో 95వ ఏట కన్నుమూశారు.

ఆమె చరిత్ర నుంచి మన పల్లెల్లో గ్రహించవలసింది ఉంది. ఎక్స్‌రే గదిలోకి వెళ్ళే ముందు నెల తప్పిన సంగతి, తప్పిందన్న అనుమానమైనా సరే, చెప్పి తీరాలి. కొత్తకోడళ్ళు అత్తమామల ముందు సిగ్గుపడి ఊరుకుంటారు. వెంట వెళ్ళిన పెద్దలే ఆ సంగతి కదపాలి. సి.టి. స్కాన్‌కూ ఇదే వర్తిస్తుంది. గర్భిణులకు మామూలుగా తీసే స్కానింగ్‌లో వాడేది శబ్ద తరంగాలు. ఎక్స్‌రే కిరణాలు కావు.

అలాగని ఎక్స్‌రే అంటేనే భయపడరాదు. ఒక్క ఫొటోతో కలిగే ముప్పు స్వల్పం. కాలు విరిగినా, క్షయ అనుమానం వచ్చినా డాక్టరు అవసరమంటే తీయించుకోవలసిందే. పాత ఫిల్ములు మాత్రం పారవేయకుండా దాచి, వెళ్ళేటప్పుడు వెంట తీసుకువెళితే, తీసిందే మళ్ళీ తీసే పని తప్పవచ్చు.