వైద్యాచార్యుడు అబ్రహాం కోలిస్

పసుపు త్రవ్వు దినములలో ఆర్మూరు చుట్టుపట్ల నే యూరికి పోయినను పచ్చని కళ్లములే కన్పట్టును. దుంపలు త్రవ్వుట, కొమ్ములు ఉడికించుట, ఆరబోయుట, మెరుగుపెట్టుట, బస్తాల కెత్తుట మొదలగు పనులలో యంత్రములు వచ్చినను మనుష్యుని చేతికి విశ్రాంతి లేదు. ఈ పనులలో కాలు జారి పడువారును కలరు. పడునపుడు మనుష్యుడు తలను కాపాడుకొనుటకై తనకు తెలియకయే చేయి ముందుకు చాచును. దేహభారమంతయు అరచేతిమీదుగా మణికట్టుపై పడును. ఇంటికి రాగానే మనవారు పసుపును సున్నమును కలిపి పట్టు వేసి, బెణికినదని సమాధానపడుదురు. నాలుగు దినములైనను వాపు తీయక ఆసుపత్రికి పోగా, ఎక్స్‌రే పటము చూచిన వైద్యుడు చీటిమీద కోలిస్ ఫ్రాక్చర్ అని వ్రాయుట తరచుగా జరుగును. ఈ కోలిస్ యెవరు? ఆయన పేరు మన యెముకల కేల వచ్చినది? ఈ చరిత్రము మన బాలబాలికలు తెలిసికొనదగినది.

మొదట మణికట్టు యెట్టిదో చూతము. ముంజేతిలో రెండెముకలు గలవు. బొటనవ్రేలి వైపునది రత్ని. చిటికెనవ్రేలి వైపునది అరత్ని. వీని చివరలకును అరచేతికిని నడుమ గులకరాళ్లవంటి యెనిమిది చిన్న యెముకలు రెండు వరుసలుగా నమరియున్నవి. వానిలో నొకటి పడవను, ఒకటి నెలవంకను, ఒకటి బఠానీగింజను పోలియుండుటచే శాస్త్రజ్ఞులు వానికి ఆ యర్థము గల పేర్లనే పెట్టిరి. ఇవి యొకదానితో నొకటి రాచుకొని జరుగుటచేతనే మన చేయి వంగుచు, లేచుచు, ప్రక్కలకు తిరుగుచున్నది. అయితే అరచేయి నేలను తాకి పడినపుడు ఆ భారమును ఎక్కువగా మోయునది రత్ని చివర. అచటనే అది విరుగును.

అబ్రహాం కోలిస్ 1773వ సంవత్సరము జూలై 23వ తేదీన ఐర్లండు దేశమునందు కిల్కెన్నీ పట్టణ సమీపమున జన్మించెను. ఆ కుటుంబమువారికి నల్లని చలువరాతి గని యుండెను. బండలగుట్టలను చూచుచు పెరుగు ఆర్మూరు పిల్లలకు అట్టి యూరిని ఊహించుకొనుట కష్టము కాదు. తండ్రి చిన్నతనముననే గతింపగా, తల్లి గని వ్యాపారమును తానే నిర్వహించి బిడ్డలకు విద్య చెప్పించెను.

కోలిస్ పాఠశాలలో చదువుచున్న కాలమున నొక వింత జరిగినదని చెప్పుదురు. ఏటికి వరద వచ్చి, బట్లర్ అను వైద్యుని యింటిలోని సామానులు కొన్ని కొట్టుకొనిపోయెను. వానిలో నొక శరీరనిర్మాణశాస్త్ర గ్రంథము ఈ బాలునికి దొరికెను. దానిని తీసికొనిపోయి వైద్యునికి అప్పగింపగా, ఆ పెద్దమనిషి బాలుని యాసక్తిని గమనించి, ఆ గ్రంథమును వానికే బహుమానముగా నిచ్చెను. పరుల సొత్తును తిరిగి యిచ్చిన బాలునకు జీవితవృత్తియే దొరికినది.

1790వ సంవత్సరమున కోలిస్ డబ్లిన్ నగరము చేరి, ట్రినిటీ కళాశాలలో చదువుచు, డాక్టర్ స్టీవెన్స్ ఆసుపత్రిలోని శస్త్రవైద్యుని యొద్ద శిష్యుడుగా కుదిరెను. 1795లో శస్త్రవైద్యపు పట్టమును పొంది, పిమ్మట ఎడింబరో విశ్వవిద్యాలయమున 1797లో ఎం.డి. పట్టమును సంపాదించెను. అచటినుండి లండను నగరమునకు కాలినడకను పోయి, ప్రసిద్ధ శస్త్రవైద్యుడగు ఆస్ట్లీ కూపరు చేయు శరీరపరిశోధనలలో తోడ్పడెను. డబ్లిన్‌కు మరలివచ్చినపిదప, 1802లో, ఇరువది యెనిమిదేండ్ల ప్రాయముననే ఐర్లండు రాయల్ శస్త్రవైద్య కళాశాలకు అధ్యక్షుడుగా నెన్నుకొనబడెను. 1804 మొదలు 1836 వరకు ఆ కళాశాలలో ఆచార్యుడుగా నుండి, ముప్పదిరెండేండ్లు విద్యార్థులకు బోధించెను.

ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చినది 1814వ సంవత్సరమున ఎడింబరో వైద్యపత్రికలో ప్రకటించిన యొక చిన్న వ్యాసము. పడి చేయి వంకరపోయిన రోగులను చూచి, మణికట్టు కీలు తొలగినదని ఆ కాలపు వైద్యులు సాధారణముగా తలచుచుండిరి. కీలును కూర్చితిమని తలచి విడువగా, చేయి మరల వంకరపోవుచుండెను. ఆ వంకర రోగికి జన్మాంతము నిలిచిపోవుచుండెను. కోలిస్ ఇట్టి చేతులను ఓపికతో పరీక్షించెను. రోగి చేతిని పట్టి మెల్లగా లాగినపుడు వంకర సరియగుచుండెను. వదలగానే మరల వచ్చుచుండెను. ఒక చేత లాగుచు, రెండవచేతి వ్రేళ్లను రత్నిపై నుంచి తడిమిచూడగా, మణికట్టునకు కొంచెము పైన ఎముక కదలుట తెలియవచ్చెను. తొలగినది కీలు కాదు, విరిగినది ఎముక. కావున కీలును కూర్చుట చాలదు; విరిగిన తునుక కదలకుండ ముందువెనుకల బద్దలు కట్టి, అతుకువరకు నిలుపవలెనని ఆయన బోధించెను.

నాటికి ఎక్స్‌రే లేదు. రంట్‌గెన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఆ కిరణములను కనిపెట్టి, తన భార్య చేతి యెముకలను పటముగా తీసినది 1895లో. అనగా కోలిస్ వ్యాసమునకు ఎనుబదియొక సంవత్సరముల తరువాత. మత్తుమందిచ్చి నొప్పి తెలియకుండ చేయుటయు నాడు లేదు. కోలిస్ యొద్ద నున్నవి తన కన్నులు, తన వ్రేళ్లు, ఓపిక. ఆయన నిర్ణయము సత్యమని ఎక్స్‌రే పటములు రుజువు చేసినవి. విరుగుచోటు మణికట్టునకు అంగుళమున్నర పైన నుండునని ఆయన అంచనా వేయగా, అది తరచుగా ఇంకను దగ్గరగా నుండునని మాత్రము తేలినది. ఫ్రాన్సు దేశీయుడగు పూటో అను వైద్యుడు అంతకు పూర్వమే ఈ విషయమును వ్రాసియుండెను. ఆ వ్రాతలు ఆయన మరణానంతరము 1783లో వెలువడినవి. కావుననే ఫ్రెంచివారు ఇరువురి పేర్లను కలిపి వాడుదురు. కీర్తిని పంచుకొనుటవలన సత్యమునకు కొరత రాదు.

మణికట్టు బాధలన్నియు కోలిస్ చెప్పినదే యని యెంచరాదు. పడవవంటి యెముక విరిగినపుడు బొటనవ్రేలి మొదట గుంటలో నొక్కిన నొప్పి కలుగును. ఈ విరుపు మొదటి ఎక్స్‌రేలో కనపడక పోవచ్చును. ఈ యెముకకు రక్తము ముఖ్యముగా ఒక కొననుండియే చేరుటచే రెండవ కొన ఆలస్యముగా అతుకును. ఒక్కొక్కప్పుడు అతుకకయే పోవును. మరియు మణికట్టు లోపలివైపున ఇరుకైన సొరంగము వంటి మార్గమొకటి కలదు. దానిగుండ తొమ్మిది స్నాయుబంధములును ఒక నరమును పోవుచున్నవి. అచట వాపు కలిగి నరము నొక్కబడినచో, బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కి, రాత్రివేళ నిద్ర చెడును. దినమెల్ల బిగువుగా పట్టి పనిచేయువారు ఈ తిమ్మిరిని తేలికగా తలచరాదు.

కోలిస్ నడవడి ఆయన విద్యకు తగినట్లుండెను. తన పొరబాట్లను శిష్యులయెదుట దాచువాడు కాడు. బారొనెట్ అను వంశపారంపర్య గౌరవబిరుదు నొసగజూపగా వలదనెను. అవసానకాలము సమీపించినపుడు తన వ్యాధి స్వరూపము ఇతరులకు ఉపయోగపడవలెనని తలంచి, మరణానంతరము తన శరీరమును పరీక్షింపవలెనని మిత్రులకు ముందుగనే తెలియజేసెను. 1843లో ఆయన గతింపగా, రాబర్ట్ స్మిత్ అను వైద్యుడు ఆ పరీక్షను జరిపెను. ఈ స్మిత్ 1847లో ప్రకటించిన గ్రంథమున, రత్ని చివర విరిగి కోలిస్ చెప్పినదానికి విరుద్ధముగా అరచేతివైపు తొలగు విధమును వర్ణించెను. అది స్మిత్ పేర నేటికిని పిలువబడుచున్నది. ఇట్లు గురుతుల్యుని దేహమును పరీక్షించినవాడే ఆయన విద్యను మరియొక యడుగు ముందుకు నడిపెను.

చదువరులారా! వైద్యశాల ఛాయ తెలియని యిండ్లలో వంకరమణికట్టు ఒక యవమానము మాత్రమే కాదు. అది తగ్గిన కూలియు, ఎత్తలేని బిందెయు అగును. వయసు మీరిన స్త్రీలకు ఎముకలు పలుచనగుటచే నిలుచున్నచోట పడినను రత్ని విరుగవచ్చును. కావున మీ యింట నెవరైన చేయి ఊని పడినచో, వాపు పెరుగకమునుపే గాజులును ఉంగరములును తీయుడు. చేతికి బద్ద ఆనించి, మెడనుండి గుడ్డతో వ్రేలాడగట్టి, వైద్యుని యొద్దకు కొనిపొండు. మీరు లాగి సరిచేయ బూనకుడు. కట్టు కట్టిన తరువాత వ్రేళ్లు నీలముగా మారినను, తిమ్మిరెక్కినను, నొప్పి హెచ్చినను తక్షణమే తిరిగి చూపుడు. కట్టులో నున్నంతకాలము వైద్యుడు చెప్పినట్లు వ్రేళ్లను కదలించుచుండుడు. పసుపు మన పొలములకు సిరియే. మన వంటకు రుచియే. కాని విరిగిన యెముకను అది చక్కజేయజాలదు.

వరదలో దొరికిన పుస్తకమును తిరిగి యిచ్చిన బాలుడు, పెద్దవాడై, అందరును కీలని చెప్పినదానిని తన వ్రేళ్లతో తడిమి ఎముకయని నిర్ణయించెను. ఉన్నదానిని ఉన్నట్లు చూచుటయు, చూచినదానిని చూచినట్లు చెప్పుటయు ఆయన జీవితమున నొక్కటే గుణముగా నుండెను. రెండువందల యేండ్లు దాటినను, పసుపు కళ్లములో జారిపడిన ఆర్మూరు కూలివాని చీటిమీద ఆయన పేరు వ్రాయబడుచున్నది. అంతకు మించిన బిరుదు ఆయనకు అక్కరలేదు.